ఇటలీ వైకుంఠ రథం

వైకుంఠ రథం పక్కన నిలబడి ఏడ్చినవాళ్లని నా జన్మలో చాలామందిని చూశాను. వెనకాల పరిగెత్తుతూ ఏడ్చినవాళ్లనీ చూశాను. దాని కిందికి దూరి, వెల్లకిలా పడుకుని ఏడ్చినవాణ్ని మాత్రం ఒక్కణ్నే చూశాను.

మా ఊరి వైకుంఠ రథానికి నేనే డ్రైవర్ని. బండి మునిసిపాలిటీ షెడ్డులో ఉంటుంది. ఆ రోజు పొద్దున్నే కడుగుదామని బాల్చీ పట్టుకుని వెళితే, బండి కిందనుంచి రెండు కాళ్లు బయటికి వచ్చి ఉన్నాయి. ఖరీదైన బూట్లు. లోపలినుంచి వెక్కిళ్లు వినిపిస్తున్నాయి. మా పనిలో ఇలాంటప్పుడు అడిగే మాట ఒకటే ఉంటుంది.

"ఎవరండీ పోయింది?"

"పోలేదు! బతికే ఉంది!" అంది కిందనుంచి గొంతు.

"పోనీలెండి. మరి ఇక్కడికెందుకండీ తీసుకొచ్చారు? ఆస్పత్రికి తీసుకెళ్లండి."

ఆయన పాక్కుంటూ బయటికొచ్చాడు. సన్నటి మనిషి, ముక్కు మీద గ్రీజు. లేచి నిలబడి, బండిని రెండు చేతులా కావలించుకుని చెంప ఆనించాడు. సరిగ్గా మా బావ గీసిన రామచిలక మీద ఆనించాడు.

"ఇదేమిటో మీకు తెలుసా?"

"వైకుంఠ రథమండి."

"కాదు! ఇది ఇటలీ దేశపు పందెం కారు. ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే తయారయ్యాయి. ఇదెక్కడుందో తెలియక సగం జీవితం వెతికాను."

"అడగవలసిందండి బాబూ. మా ఊళ్లో ఎవర్నడిగినా చెప్పేవోళ్లు. అందరూ ఎక్కేదే గదండీ."

ఆయన పేరు డాక్టర్ కమలనాభం గారు. జ్వరాలు చూసే డాక్టరు కాదు. పాత కార్ల గురించి చదివి డాక్టరయ్యాడట. ప్రాచీన వాహన అసలుతన నిర్ధారణ మండలి అని పట్నంలో ఒక ఆఫీసుంది, దానికి ఛైర్మను. ఏ పాత కారు అసలుదో, ఏది నకిలీదో తేల్చి చెప్పడం ఆ మండలి పని. అలాంటి పనికి ఒక ఆఫీసు ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. తెలియకపోయినా మా బండి బాగానే నడిచింది.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. పెదగట్టు ఎస్టేటు చినదొరగారు, నాకు ఇంకా మీసం రాని రోజుల్లో, ఓడ మీద ఒక ఎర్ర కారు తెప్పించుకున్నారు. అది కాలవ గట్టు మీద వస్తుంటే మూడూళ్ల కొంగలు లేచిపోయేవి. ఒకరోజు గేదె అడ్డమొచ్చింది. కారు కాలవలోకి వెళ్లింది. గేదెకేమీ కాలేదు, దొరగారికి చెయ్యి విరిగింది, కారు మాత్రం అప్పడంలా నలిగిపోయింది. తీసి అవతల పారెయ్యండన్నారు దొరగారు. పారేస్తే ఊరుకునే ఊరా మాది? రేకులు తలా ఒకటి పట్టుకుపోయారు. ఇంజను బియ్యం మిల్లుకి వెళ్లి మొదటి కోతలకే పగిలిపోయింది. మిగిలింది కింద ఉన్న గొట్టాల చట్రం.

ఆ చట్రం మా బావ తీసుకున్నాడు. బావంటే మా అక్క మంగాయమ్మ పెనిమిటి, ధర్మలింగం. ట్రంకు పెట్టెలు కొట్టేవాడు. మా చుట్టుపక్కల కాపురానికి వెళ్లిన ప్రతి ఆడపిల్లా మా బావ కొట్టిన పెట్టెతోనే వెళ్లింది. ఆ రోజుల్లో వానాకాలం శవాన్ని మోసుకుని శ్మశానానికి వెళ్లాలంటే మోకాటి లోతు బురద. మోసేవాళ్లు జారి పడితే పోయినవాడికే కాదు, ఉన్నవాళ్లకీ ప్రమాదం. వర్తక సంఘం వాళ్లొచ్చి ఏదైనా బండి చేసి పెట్టమన్నారు. బావ ఆ చట్రానికి జీపు ఇంజను బిగించి, లారీ చక్రాలు తగిలించి, పైన తనకి తెలిసిన పని చేశాడు. అంటే పెద్ద ట్రంకు పెట్టె కొట్టాడు.

ఆకుపచ్చ రంగు. రెండు వైపులా గులాబీ పువ్వులు, రామచిలకలు. మూలలకి ఇత్తడి బిళ్లలు. గాలాడ్డానికి పువ్వుల ఆకారంలో చిల్లులు. పైఅర మనిషికి, కింద అర కుండకీ పిడకలకీ. రెండు అరలకీ వెనక తలుపులు, వాటికి ట్రంకు పెట్టె గెడలు. దగ్గరికి తోస్తే చాలు, గెడ దానంతటదే టక్కున పడుతుంది. అది బావ కనిపెట్టిన పద్ధతి.

"అంతా బాగుంది గానీ బావా, లోపలివైపు గెడ పెట్టలేదేంటి?" అని అడిగాను అప్పట్లో.

"ఎక్కినోడు తలుపు తీసుకుని ఎక్కడికెళ్తాడ్రా ఎర్రిమొకమా?" అన్నాడు.

మళ్లీ ఎవరూ అడగలేదు.

*

మండలి వాళ్లు మునిసిపాలిటీ హాల్లో సభ పెట్టారు. కమిషనరుగారు పూలదండలు తెప్పించారు. మన ఊరికీ ఇటలీకీ ఉన్న సంబంధం ఈనాటిది కాదన్నారు. ఎప్పటిదో చెప్పలేదు. బండిని మండలికి అప్పగిస్తే దానికి బదులు ఊరికి ఒక శిలాఫలకం ఇస్తారట. కొత్త వైకుంఠ రథం సంగతేమిటండీ అని వెనకనుంచి ఎవరో అరిస్తే, అది ప్రతిపాదన దశలో ఉందన్నారు.

తర్వాత కమలనాభం గారు లేచారు.

"సభాసదులారా! వాహనమనగా నేమి? రేకా? చక్రమా? యంత్రమా? కానే కాదు. అవన్నియు ఉపాధులు. కాయములు మారుచుండును. చట్రముపై చెక్కిన సంఖ్య మాత్రము శాశ్వతము. ఆ సంఖ్యయే వాహనము యొక్క పేరు. పేరున్నచోటనే అసలుతనమున్నది. ఇది మండలి నిబంధన ఏడు."

జనానికి అర్థమైనట్టు లేదని ఆయనకే తోచింది. ముందు వరసలో ఉన్న నన్ను లేవమన్నారు.

"మీ పేరు?"

"నూకరాజండి."

"పళ్లు?"

"కట్టుడుపళ్లండి."

"కళ్లు?"

"ఒకటి ఆపరేషనండి. రెండోది రేపు సంక్రాంతి వెళ్లాక అన్నారండి."

"మోకాలు?"

"స్టీలండి."

"చూడుడు! ఇన్ని మారినను, నూకరాజూ అని పిలిచినచో పలుకునది ఎవరు?"

"నేనేనండి. ఇంకెవరు పలుకుతారండీ?"

"అదియే! పిలిచిన పలుకునదే అసలు!" అన్నారాయన. హాలంతా చప్పట్లు. పక్కన కూర్చున్న మండలి కార్యదర్శి సువర్చల మేడమ్ ఆ మాట రాసుకుంది. ఆవిడ ఏ మాటైనా రాసుకుంటుంది. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు.

మా బావకి అప్పటికే ఆయాసం బాగా ముదిరింది. వద్దంటే వినకుండా రిక్షా కట్టించుకుని వచ్చి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అక్కణ్నుంచే చెయ్యెత్తాడు.

"బాబూ, నా పెట్టెని ఏం చేస్తారండి?"

"తొలగించెదము. దాని స్థానమున ఇటలీ నమూనా ప్రకారము కొత్త కాయమును అమర్చెదము."

"ఆ కొత్తది ఎప్పుడు చేసిందండి?"

"ఇంకనూ చేయలేదు. వచ్చే నెల తయారగును."

"అది అసలుదాండి?"

"సంపూర్ణముగా."

"నాకు పెళ్లైన ఏడు కొట్టానండి నేను దీన్ని. మనవరాలికి కూడా పెళ్లైపోయింది. మరిదేంటండి?"

"అది పరాయి కాయము. నకిలీ."

బావ కాసేపు ఊపిరి తీసుకున్నాడు. ఊపిరి కోసం ఆగాడో, మాట కోసం ఆగాడో తెలియదు.

"అయితే ఒక సందేహమండి బాబూ. ఇన్నాళ్లూ ఊరంతా నకిలీ బండిలో ఎళ్లింది గదండి. ఎళ్లినోళ్లు మరి ఎళ్లినట్టా, కాదా?"

హాల్లో గోల మొదలైంది. మా నాన్న సంగతేంటని ఒకడు, మా అత్తగారు మధ్యలోనే ఉండిపోయిందా అని ఒకామె. ఆవిడ గొంతులో బెంగ కన్నా భయం ఎక్కువ వినిపించింది. మండలి వాళ్లు అప్పటికప్పుడు పక్కగదిలో సమావేశమై వచ్చి ప్రకటించారు: "సదరు వాహనములో ఇంతకుముందు ప్రయాణించిన వారందరును గమ్యము చేరినట్లే భావించబడును. ఎవరును మార్గమధ్యమున ఉన్నట్లు పరిగణించరాదు. అవసరమైన కుటుంబములకు ధ్రువపత్రము ఈయబడును."

మర్నాటినుంచి ధ్రువపత్రాలకి వరస కట్టారు. మా ఊళ్లో ఎప్పుడూ కొట్టుకునే ఇద్దరన్నదమ్ములు తండ్రి తాలూకు పత్రం ఎవరి దగ్గరుండాలని మళ్లీ కొట్టుకున్నారు.

*

ఆ వారంలోనే పాత రేకుల మీద పడ్డారు. చినదొరగారి కారు ముందు రేకు అప్పన్న టీకొట్టు బల్లకి కొట్టి ఉంది. వెనక రేకు లూకమ్మ కోళ్లగూడు పైకప్పు. రెండింటికీ లక్క ముద్ర వేసి సీలు చేశారు.

"అమ్మా, కోళ్లు లోపలున్నాయి తల్లీ!" అంది లూకమ్మ సువర్చల మేడమ్‌తో.

"అనుబంధ వస్తువులుగా నమోదు చేసితిమి."

"గుడ్లు పెడతాయమ్మా!"

"అవి ఉత్పన్నములు. కదల్చరాదు."

నేనుండబట్టలేక అడిగాను. "అంకె ఉన్నదే కారన్నారు గదండీ మేడమ్. ఈ రేకుల్తో ఇంక పనేంటండి?"

"ఈ రేకులు అసలువి కావు. కాని అసలు వాహనమునకు ఒకప్పుడు చెందినవి. వదలినచో రేపు ఎవరైనను వీటికి చట్రము అమర్చి, ఇదియే అసలు కారని వాదించవచ్చును. ఈ కోళ్లగూడు భవిష్యత్తులో ప్రతివాది కాగలదు."

లూకమ్మ తన కోళ్లగూటి వంక కొత్తగా చూసింది. అప్పన్న మాత్రం బల్లని ముట్టుకోకూడదన్నారని, గ్లాసులు గాల్లో పట్టుకుని టీ పోశాడు. తాగేవాళ్లు కూడా గాల్లోనే అందుకున్నారు. సగం టీ నేల తాగింది.

ఇక నా బండి. విప్పేదాకా వాడుకోవచ్చన్నారు గానీ లోపల ఒక బోర్డు తగిలించారు: ప్రయాణికులు గోడలను తాకరాదు, ప్రయాణ సమయమున కదలరాదు, బిగ్గరగా మాట్లాడరాదు అని రాశారట. నేను చెప్పకూడదు గానీ, మా ప్రయాణికులు ఈ మూడింటిలో ఒక్కటీ తప్పలేదు. పందెం కారన్నాక డ్రైవరు, ఇంకొకరు, ఇద్దరే ఉండాలట. ఇదివరకు కొడుకులు పక్కన కూర్చుని వచ్చేవాళ్లు. ఇప్పుడు సైకిళ్ల మీద వెనకాల రావలసి వచ్చింది.

బండి విప్పేది సోమవారం అని నోటీసు అంటించారు. బావ కొట్టిన పెట్టెని విప్పి ఊరుకోరట. అది కూడా రేపు ప్రతివాది కాగలదు కనక, గ్యాసు కట్టరుతో ముక్కలు చేసి కరిగిస్తారట.

నోటీసు సంగతి బావకి నేనే చెప్పాను. మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు.

"సోమవారమా? సర్లే. అయితే నేను ఆదివారంలోగా తెమలాలి," అన్నాడు.

"మీ నోట్లో మట్టెట్టా! అయేం మాటలండీ?" అని అక్క గిన్నె విసురుగా కింద పెట్టింది.

"మట్టి కాదే మంగా, తులసినీళ్లు పొయ్యాలి. మర్చిపోకు." నా వైపు తిరిగాడు. "ఒరేయ్ నూకిగా. ఊళ్లో అందరికీ పెట్టెలు కొట్టాను. మీ అక్కకీ కొట్టాను, మా అమ్మాయికీ కొట్టాను. నాకంటూ కొట్టుకున్నది అదొక్కటే. అందులోనే ఎళ్తాను. ట్రాక్టరు మీద పడేసి తీసికెళ్లావంటే మాత్రం, దింపుడు కళ్లం కాడ నువ్వు గొంతు చించుకున్నా పలకను."

"ట్రాక్టరైతే పలకవు, రథమైతే పలుకుతావా?"

"అప్పుడాలోచిద్దాం లేరా," అన్నాడు. నవ్వబోతే దగ్గొచ్చింది. ఆ దగ్గు తగ్గేటప్పటికి అక్క కళ్లొత్తుకుని గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను కమలనాభం గారి దగ్గరికి వెళ్లాను. ఒక్క నెల ఆగండి బాబూ, మా బావ ఎక్కువకాలం ఉండడు, ఆయన కొట్టిన బండిలో ఆయన్ని పంపించి ఇచ్చేస్తామని చేతులు పట్టుకున్నాను.

"మీ బాధను మండలి అర్థము చేసికొన్నది," అన్నారాయన. "కాని మరణము ఆకస్మికమైన కార్యక్రమము. తేదీ నిర్ధారణ కానిదే దానికై వాయిదా ఈయుటకు వీలులేదు. మీ బావగారిని తేదీతో దరఖాస్తు చేసికొనమనండి."

వచ్చి చెప్పాను. బావకి కోపం రాలేదు.

"అడిగిందాంట్లో తప్పేముంది? ఆదివారం అని రాయించు. ఏలుముద్ర నేనేస్తాను."

ఆదివారం మా బావ చాలా ప్రయత్నించాడు. పొద్దున్నే స్నానం చేయించమన్నాడు. ఉతికిన పంచె కట్టించుకున్నాడు. అందర్నీ పిలిచి ఒక్కొక్కరితో మాట్లాడాడు. మధ్యాహ్నానికి చూస్తే, ఎన్నడూ లేనిది ఆయాసం కాస్త తగ్గింది. సాయంత్రానికి ఆకలేస్తోందన్నాడు. అక్క పెసరట్టు వేసి పెడితే రెండోది కూడా అడిగి తిన్నాడు.

"ఏమనుకోకురా. కుదర్లేదు," అన్నాడు నాతో, తప్పు చేసినవాడిలా.

సోమవారం తెల్లారేటప్పటికి పోయాడు.

*

నేను షెడ్డుకి పరిగెత్తేసరికి గ్యాసు కట్టరు వాళ్లు సిలిండర్లు దింపుతున్నారు. కమలనాభం గారు, సువర్చల మేడమ్, కమిషనరుగారు నిలబడి ఉన్నారు. బండికి అడ్డంగా నిలబడి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. కమిషనరుగారు నన్ను చూసి అర్థం చేసుకున్నారు. ఆయన మంచివాడే, పూలదండలు కనపడినప్పుడే కాస్త తేడా.

"ఒక్క ట్రిప్పు సార్. ఒక్కటే. శ్మశానం దగ్గర విప్పేసుకోండి," అన్నారు.

"దరఖాస్తు ఆదివారమునకు కదా," అన్నారు కమలనాభం గారు.

సువర్చల మేడమ్ పుస్తకం తిరగేసింది. "చివరి వినియోగమునకు వెసులుబాటు ఉన్నది సర్. కాని మార్గమధ్యమున ఎవరును చట్రము మార్చకుండ, బయలుదేరుటకు ముందు ఛైర్మన్ గారు సంఖ్యను స్వయముగా పరిశీలించవలెను."

"పరిశీలించెదము," అన్నారాయన. మొదటిసారి పడుకున్న చోట ఇప్పుడు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఖరీదైన బట్టలు. అందుకని, అడుగున చట్రం కనిపించే కింద అర తలుపు తీసి, పిడకలు పక్కకి జరిపి, టార్చిలైటు పట్టుకుని అందులోకి పాకారు. సన్నటి మనిషి, పట్టేశారు. మేడమ్ కాగితాలు రాయడానికి ఆఫీసులోకి వెళ్లింది. కమిషనరుగారికి ఫోనొచ్చింది. నేను మొహం కడుక్కోడానికి కుళాయి దగ్గరికి వెళ్లాను.

అంతలో మావాళ్లు బావని తీసుకొచ్చేశారు. రాహుకాలం దగ్గర పడుతోందని ఒకటే హడావిడి. డప్పులు, శంఖం, ఏడుపులు. పాడెని పైఅరలోకి తోశారు. తలుపులు తెరిచి ఉంటే ఎవరైనా ఏం చేస్తారు? పైదీ కిందదీ రెండూ దగ్గరికి తోశారు. గెడలు వాటంతటవే టక్కున పడ్డాయి. నేనొచ్చి బండెక్కాను. ఛైర్మన్ గారేరని ఎవరో అడిగితే, ముందే కార్లో శ్మశానానికి వెళ్లుంటారని ఇంకెవరో చెప్పారు.

మా డప్పుల సంగతి మీకు తెలియదు. పక్కన పిడుగు పడినా వినపడదు. దారిలో అప్పన్న కొట్టు ముందునుంచి వెళుతున్నప్పుడు పువ్వు చిల్లులోంచి ఒక వేలు బయటికొచ్చి ఆడిందట. అప్పన్న చూశాడు. ధర్మలింగం పిలుస్తున్నాడనుకుని, నేను తర్వాత వస్తానులే అని దణ్ణం పెట్టాడట.

కాలవ లాకుల దగ్గర బండి ఆపాను. మా ఊళ్లో దింపుడు కళ్లం, పోయినవాణ్ని చెవిలో మూడుసార్లు పిలిచి చూసే చోటు, అక్కడే. డప్పులు ఆపించారు. వెనక పైతలుపు తీశారు. బావకి కొడుకుల్లేరు. పిలవాల్సింది నేనే. వంగి చెవి దగ్గర నోరు పెట్టాను.

"బావా. ధర్మలింగం బావా."

కాలవ నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"బావా. ఓ ధర్మలింగం బావా. నీ బండిలోనే తీసుకొచ్చాను గదా."

ఎన్ని వందలమందిని అక్కడికి తెచ్చానో. ఎంతమంది పిలవగా విన్నానో. ఏ ఒక్కరూ పలకలేదు. పలకరని నాకు తెలియదా? అయినా మూడోసారి చిన్నపిల్లాడిలా అరిచాను.

"బావా!"

"ఆఁ! ఉన్నాను! ఉన్నాను!" అని గట్టిగా వినిపించింది.

డప్పులవాళ్లు డప్పులు పారేసి కాలవలోకి దూకారు. మోసేవాళ్లు, ఏడ్చేవాళ్లు, సైకిళ్లవాళ్లు ఎటు పడితే అటు పరిగెత్తారు. నేను పరిగెత్తలేదు. స్టీలు మోకాలు ఒక కారణం. రెండోది, ఆ ఒక్క క్షణం, మా బావ పలికాడనే అనుకున్నాను. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా లేదు.

అక్క కదల్లేదు. బావ మొహంలోకి తేరిపార చూసింది. ఈలోగా మళ్లీ, "హెల్ప్! హెల్ప్!" అని వినిపించింది.

"ఈయన కాదురా నూకిగా," అంది అక్క నెమ్మదిగా. "ఈయన బతికున్నన్నాళ్లూ ఎవర్నీ సాయం అడగలేదు."

కింద తలుపు గెడ తీశాను. కమలనాభం గారు దొర్లుకుంటూ బయటపడ్డారు. జుట్టులో పేలాలు, మొహమంతా పసుపు, కోటుకి పిడకల పొడి. చాటునుంచి చూస్తున్న జనం ఒక్కొక్కరే వచ్చి, దూరంనుంచే కాళ్లకి దణ్ణం పెట్టడం మొదలుపెట్టారు. ఒకామె మా అత్తగారు కనిపించిందా బాబూ అని అడిగింది.

సువర్చల మేడమ్ జీపులో వచ్చి దిగింది. ఏం జరిగిందో అందర్నీ అడిగి రాసుకుంది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"మీరు పిలిచినది ఎవరిని?"

"మా బావనండి. ధర్మలింగాన్ని."

"పేరు పెట్టియే పిలిచితిరా?"

"పేరు పెట్టేనండి."

"పలికినది ఎవరు?"

ఊరంతా ఒకేసారి ఆయన్ని చూపించింది. మేడమ్ పుస్తకం తెరిచింది.

"నిబంధన ఏడు. పిలిచిన పలుకునదే అసలు."

"సువర్చలా! ఏమిటిది? నేను కమలనాభాన్ని!" అన్నారాయన.

"కాయము కమలనాభం గారిదివలెనే ఉన్నది సర్. కాని కాయము ఉపాధి మాత్రమేనని తమరే సెలవిచ్చితిరి. తమరు ధర్మలింగం గారు. ధర్మలింగం గారు ఈ ఉదయము మరణించినట్లు మునిసిపాలిటీ వారు ధ్రువపరచినారు. కనుక తమరు దివంగతులు. మండలి పక్షమున ప్రగాఢ సానుభూతి."

నేను ఆవిడ మొహంలో నవ్వు కోసం వెతికాను. లేదు.

గ్యాసు కట్టరు వాళ్లు వెనకాల లారీలో వచ్చి ఉన్నారు. "కొయ్యమంటారాండీ?" అన్నాడు వాళ్ల మేస్త్రి.

"ఎవరి ఆజ్ఞ మీద?"

"ఛైర్మన్ గారిదండి."

"ఛైర్మన్ పదవి ఖాళీగా ఉన్నది," అని పుస్తకం మూసేసింది.

అప్పుడు నాకు భయమేసింది. "మరి పైఅరలో ఉన్నదెవరండీ మేడమ్?"

ఆవిడ పైకి చూసింది. ఉతికిన పంచె, నుదుట బొట్టు, చుట్టూ బావ తన చేత్తో గీసిన గులాబీలు. కాసేపు అలాగే చూసింది.

"పేరు లేని కాయము. దానికి మండలి నిబంధనలేవీ వర్తించవు. తీసికొనిపోవచ్చును."

"పదరా," అంది అక్క.

డప్పులవాళ్లు తడిసిన బట్టలతోనే వచ్చి డప్పులు ఏరుకున్నారు. బండి స్టార్టు చేశాను.

*

కమలనాభం గారు తాను తానేనని మండలికి అర్జీ పెట్టుకున్నారు. దాన్ని విచారించడానికి మండలి సమావేశం కావాలి. సమావేశం పిలవడానికి ఛైర్మన్ కావాలి. అందుకని ఆ అర్జీ అలాగే ఉంది. అప్పుడప్పుడూ మా ఊరొచ్చి బండిని దూరంనుంచి చూసి వెళుతుంటారు. దగ్గరికి రారు. అప్పన్న ఆయనకి టీ గాల్లోనే అందిస్తాడు, సీలు తీసే అధికారం ఇప్పుడు ఎవరికీ లేదు కదా. లూకమ్మ కోళ్లగూటికి వెనకవైపు కన్నం పెట్టుకుంది. ఉత్పన్నాలన్నీ అందులోంచే తీసుకుంటోంది.

శిలాఫలకం మాత్రం వచ్చింది. దాని మీద ఏం రాసుందో తెలియదు, నాకు చదవడం రాదు.

ఆ రోజునుంచి ఊళ్లోవాళ్లు నన్ను ఒకటే పోరుతున్నారు. తలుపులకి లోపలివైపు కూడా గెడ పెట్టించు నూకరాజూ, ఎప్పుడెవరి అవసరం ఎలా ఉంటుందో అని. కమిషనరుగారు మనిషిని కూడా పంపించారు. నేను వాణ్ని బండి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

బావ ఎలా కొట్టాడో అలాగే ఉండాలి. లేకపోతే అది అసలు బండి ఎలాగవుద్ది?